సందెవేళ సూది బేరం

మస్తానమ్మ గొంతు తెలియని వీధి బాపట్లలో లేదు. "వంజరమోయ్, రొయ్యలోయ్" అని ఆమె మొదటి ఇంటి దగ్గర కేక వేస్తే చివరి ఇంటి పిల్లి గోడ దూకి ఎదురొస్తుందని చెప్పుకుంటారు. కోడి కూసే వేళకే సూర్యలంక ఒడ్డున పడవల దగ్గర ఉంటుంది. వేలంపాటలో చేపలు దక్కించుకుని, ఐసు చల్లుకుని, ఆటోలో తట్ట ఎక్కించి, జనం టిఫిన్లు తినే వేళకి ఊళ్లో దిగుతుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ అదే పని. నెత్తిన తట్ట, కాళ్ల కింద ఇసుక, ఎదురుగా నీళ్ల మీద మెరిసే ఎండ. ఆ మెరుపులోకి చూసి చూసి ఆమె కళ్లు ఎప్పుడూ సగం మూసుకునే ఉంటాయి. కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు, నుదుటి మీద అడ్డంగా నాగలి చాళ్లలాంటి ముడతలు. కోపం లేకపోయినా కోపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కొత్తవాళ్లు జంకుతారు. పాతవాళ్లు మాత్రం "మొహం చూసి భయపడకండి, మనిషి వెన్న" అని చెబుతారు.

ఆ వెన్నలాంటి మనిషికి ఒక అక్క ఉంది. ఏళ్ల తేడా ఉన్న అక్క కాదు. ఒకే కాన్పులో ముందు వచ్చింది, అంతే. పేరు పున్నమ్మ. చిన్నతనంలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా తికమకపడేది. ఒకదానికే రెండుసార్లు అన్నం పెట్టి, రెండోది ఆకలని ఏడిస్తే "ఇప్పుడేగా తిన్నావు, పొట్టా పాతరా!" అని తిట్టేది. పున్నమ్మను తెనాలి ఇచ్చారు. ఆ పెళ్లిలో అత్తగారు పట్టుచీర తెచ్చి పెళ్లికూతురికి ఇవ్వబోయి మస్తానమ్మ చేతిలో పెట్టింది. మస్తానమ్మను సూర్యలంకలో ముత్యాలరావుకి ఇచ్చారు. ఆయన పడవ మీద వేటకి పోతాడు. ఇప్పటికీ వలలు బాగు చేసుకుంటూ నలుగురిలో "నేనసలు వీళ్లలో ఎవర్ని చేసుకున్నానో గంగమ్మ తల్లికే తెలియాలి" అంటాడు.

అప్పటి నుంచీ వాళ్ల చుట్టాల్లో అదో ఆనవాయితీ అయింది. ఇంట్లో ఎవరి పెళ్లయినా, ఎదుర్కోలు వేళకి కవలలిద్దరూ ఒకే రకం చీర కట్టి పక్కపక్కన నిలబడతారు. ఎదుటి పక్షం వాళ్లు వీళ్లలో పున్నమ్మ ఎవరో పట్టుకోవాలి. తప్పితే ఓడినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల పెట్టెలు, పరుపులు విడిదింటికి మోసి తీరాలి. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని గెలుపులు! అక్కాచెల్లెళ్లు ఎన్నడూ ఓడింది లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో పెళ్లిళ్లే లేవు. ఇన్నాళ్లకి పున్నమ్మ కొడుకు ప్రణీత్‌కి రేపల్లె సంబంధం కుదిరింది. ఈసారి పెళ్లికొడుకు తల్లి సాక్షాత్తూ పున్నమ్మే! ఆడపెళ్లివారు మొదటి పానకం గ్లాసు వియ్యపురాలి చేతికి ఇవ్వాలి. ఆ గ్లాసు పొరపాటున మస్తానమ్మ చేతికి వచ్చిందంటే, అంతకు మించిన గెలుపు ఇంకొకటి ఉండదు. నిశ్చితార్థానికి రేపల్లె బయల్దేరినప్పుడు రైల్లో అక్కాచెల్లెళ్లు అదే మాట చెప్పుకుని, ఒకళ్లనొకళ్లు గిల్లుకుని మరీ నవ్వుకున్నారు.

రేపల్లెలో కుర్చీల్లో కూర్చున్నారు. పెళ్లికూతురి చెల్లెలు, మెరుపుతీగలాంటి పిల్ల, కాఫీ పళ్లెం పట్టుకుని వచ్చింది. పున్నమ్మకి ఒక గ్లాసు ఇచ్చింది. పక్కనున్న మస్తానమ్మను చూసి, ఎంతో మర్యాదగా, "అత్తయ్యగారూ, మీ అమ్మగారికి చక్కెర వెయ్యొచ్చాండి?" అని అడిగింది.

ముందుగా నవ్వింది మస్తానమ్మే. "వెయ్యి తల్లీ, రెండు చెంచాలు వెయ్యి" అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆ పిల్ల సిగ్గుతో లోపలికి పరిగెత్తింది.

తిరుగు రైల్లో మాత్రం మస్తానమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అద్దంలో తన మొహం, దాని పక్కనే అక్క మొహం. పున్నమ్మ తెనాలిలో చీరల కొట్లో పనిచేస్తుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా నీడపట్టున, ఫ్యాను కింద. ఒకే బియ్యం రెండు కుండల్లో వండినట్టు, ఇది మెత్తగా ఉడికింది, అది మాడింది. "ఈసారి మనం ఆడొద్దులే మస్తానూ" అని పున్నమ్మ మెల్లిగా అంది. చెల్లెల్ని నొప్పించకూడదనే అంది. కానీ ఆ మాటకే మస్తానమ్మకి ఎక్కడలేని పట్టుదలా వచ్చింది. ఆడకపోవడమేంటి? పానకం గ్లాసు తన చేతికి రావాల్సిందే!

మర్నాడు చేపల తట్ట దించగానే దారి దొరికింది. ప్రేమకుమారి టీచరు ఇంటి అరుగు మీద రొయ్యలు ఏరుతూ మస్తానమ్మ తలెత్తి చూసి అలాగే ఉండిపోయింది. టీచరు నుదురు అరిటాకులా నున్నగా ఉంది.

"టీచరమ్మా! మీ నుదుటి గీతలేయి?"

"ఉష్! మెల్లిగా అనవే. వేసవి సెలవుల్లో సూది వేయించుకున్నా. చర్చిలో ఎవరికీ చెప్పకు."

"సూదా! సూదేస్తే ముడతలు పోతయ్యా?"

"నుదుట్లో కండరం ముడుచుకుంటే కదా గీత పడేది. ఆ కండరాన్ని కాస్త పడుకోబెడతారు. మూడు నాలుగు నెలలు ఉంటుంది, మళ్లీ మామూలే."

"నాకు నాలుగు నెలలెందుకండీ, నాలుగు గంటలు చాలు!" అంటూ మస్తానమ్మ రొయ్యలు రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసేసింది. "ఎంత తీసుకున్నారండీ?"

తెనాలిలో దీవెన అనే చర్మం డాక్టరు దగ్గర వేయించుకున్నానని, యూనిట్ లెక్కన తీసుకుంటారని, యూనిట్‌కి నాలుగొందల చొప్పున మొత్తం ఎనిమిది వేలు దాటిందని టీచరు చెప్పింది. యూనిట్ అంటే ఏంటో మస్తానమ్మకి అర్థం కాలేదు. ఎనిమిది వేలు మాత్రం బాగా అర్థమయింది. అయినా ఆశ చావలేదు. ఒక ఊళ్లో ఒక ధర ఉంటే ఇంకో ఊళ్లో ఇంకో ధర ఉండదా? చేపలకి లేదూ?

ఆ వారమే ముత్యాలరావుతో కలిసి వల సామాను కోసం రేపల్లె మీదుగా పోవాల్సి వచ్చింది. ఆయన్ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి, చర్మం ఆసుపత్రి ఎక్కడో అడిగి తెలుసుకుని లోపలికి దూరింది. అక్కడ యూనిట్ గొడవే లేదు. "భాగానికి ఐదు వేలమ్మా. నుదురు ఒక భాగం, కనుబొమ్మల మధ్య ఒక భాగం, కళ్ల పక్కలు ఒక భాగం. రెండు వారాలకి డాక్టరుగారు మళ్లీ చూస్తారు, తక్కువైతే ఇంకో చుక్క ఊరికే వేస్తారు" అన్నాడు కాంపౌండరు.

బయటికొచ్చి మొగుడితో చెప్పింది. ముత్యాలరావు టీ చప్పరించి, "ఒకడు తూకం లెక్క చెప్తన్నాడు, ఒకడు పోగు లెక్క చెప్తన్నాడు. నువ్వు రోజూ చేసే పనే కదే!" అన్నాడు.

మస్తానమ్మకి బుర్రలో దీపం వెలిగింది. అవును కదా! వంజరం, చందువా కాటా వేసి అమ్ముతుంది. కవళ్లు, చిన్న రొయ్యలు గోనెపట్టా మీద పోగులు పోసి అమ్ముతుంది. పోగుకి ఇంత అంటే ఇంతే. కొన్నవాడు లెక్కపెట్టుకోడు, పోగు పెద్దగా కనపడితే చాలు. ఇంతోటి దానికి డాక్టర్లకి అంత చదువెందుకో అనుకుని పకపకా నవ్వింది.

ఇంకేముంది, బాపట్లలో దిగగానే గోడ మీద కాగితం కనపడింది. కొత్తగా తెరిచిన ఒక బ్యూటీపార్లర్. 'ముడతల సూది. నుదురంతా కలిపి మూడున్నర వేలే. మూడు రోజులే అవకాశం.' మస్తానమ్మ ఆ కాగితం ఆ గోడ పక్కింటి పిల్లతో రెండుసార్లు చదివించుకుంది. నుదురంతా! కలిపి! ఇంత పెద్ద పోగు ఇంత చౌకగా ఎక్కడ దొరుకుతుంది?

మొదటి రోజు పోలేదు. రెండో రోజూ పోలేదు. కాళ్లు లాగుతున్నా ఆగింది. ఎందుకంటే ఆమెకి పుట్టుకతో వచ్చిన తెలివి ఒకటుంది. పొద్దున్న మూడొందలున్న చేప పొద్దువాలేసరికి నూటయాభైకి దిగుతుంది. తొందరపడి పొద్దున్నే కొనేది పట్నంవాళ్లు. తెలిసినవాళ్లు సందెవేళ దాకా ఆగుతారు. అమ్మేవాళ్లకి తట్ట ఖాళీ చేసుకోవాలనే ఆత్రం ఉంటుంది కదా! మూడో రోజు దీపాలు పెట్టే వేళకి, ముత్యాలరావు పెట్టెలోంచి తీసిచ్చిన నోట్లు రొంటిన దోపుకుని పార్లర్ మెట్లెక్కింది.

"ఆంటీ, కట్టేస్తున్నామండి" అంది లోపలున్న అమ్మాయి.

"కట్టేసేటప్పుడే కదమ్మా నేనొచ్చేది. ఇంకా మిగిలిందా? రెండు వేలిస్తా."

"అయ్యో ఆంటీ, ఇదేమైనా చేపల బజారా!"

"ఏ బజారైనా పొద్దుగూకితే ఒకటే బజారమ్మా. రెండు వేలా రెండొందలు."

ఆ అమ్మాయి లోపల ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. ఏదో ఆలోచించుకుంది. "రెండున్నర ఇచ్చి కూర్చోండి ఆంటీ" అంది.

ఎగిరి గంతేసినంత పనయింది! తెనాలిలో ఎనిమిది వేల సరుకు రెండున్నర వేలకి! కుర్చీలో కూర్చుని మస్తానమ్మ ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకుంది. ఆ అమ్మాయి తెల్లకోటు తొడుక్కుని, అప్పటికే నింపి ఉన్న సిరంజి తెచ్చి, నుదుటి మధ్యలో టకటకా పొడిచింది. చీమలు కుట్టినట్టుంది. అంతే. లేచి వీధిలోకి వచ్చి, మొగుడికి ఫోన్ చేసి, "బేరమంటే ఇదయ్యా! సందేళ బేరం!" అని అరిచింది.

ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. లేచిన వెంటనే అద్దం చూసుకునేది. ఏమీ లేదు. మూడో నాడు కనుబొమ్మల మధ్య గీతలు కాస్త పలచబడ్డాయి. మస్తానమ్మ ఇంట్లో పాట అందుకుంది. ఆ తర్వాత నాడు పొద్దున ముత్యాలరావు చద్దన్నం తింటూ తలెత్తి చూసి, "నేనేం తప్పు చేశానే?" అన్నాడు.

"ఏంటయ్యా?"

"అట్టా చూస్తన్నావేంటి మరి! రాత్రి ఎక్కడికీ పోలేదే తల్లీ, పడవ దగ్గరే పడుకున్నా. కావాలంటే నా పక్కనే పడుకున్న సాయిబాబుని అడుగు."

మస్తానమ్మ పరుగున పోయి అద్దం చూసింది. ఎడమ కనుబొమ్మ ఉన్నచోటే ఉంది. కుడి కనుబొమ్మ చివర మాత్రం కొక్కెం తగిలించి లాగినట్టు పైకి లేచి నిలబడింది! దించుదామంటే దిగదు. వేలితో అదిమితే దిగుతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. 'నువ్వు చెప్పేది నేను నమ్ముతాననుకున్నావా' అని ఎదుటివాళ్లని నిలదీస్తున్నట్టుంది మొహం.

ఆ మొహంతోనే బాపట్ల పోక తప్పలేదు. చిత్రమేంటంటే ఆ రోజు బేరమాడేవాళ్లే లేరు! "కిలో రెండొందలకిస్తావా" అని మొదలుపెట్టినవాళ్లు ఆ కనుబొమ్మ చూసి, "సర్లే, నువ్వు చెప్పిందే ఇస్తాలే" అని సర్దుకున్నారు. మధ్యాహ్నానికే తట్ట ఖాళీ. ఇంకో రోజైతే పండగ చేసుకునేది. ఇప్పుడు ఖాళీ తట్ట బోర్లించుకుని రోజులు లెక్కపెట్టుకుంది. పెళ్లి ఎల్లుండే. చక్కెర వెయ్యొచ్చా అన్న పిల్ల ఈసారి ఏమంటుందో!

సందెవేళకి పున్నమ్మ ఒకే రకం చీరలు రెండు తీసుకుని తెనాలి నుంచి దిగింది. చిలకపచ్చ మీద ఎర్రంచు. ఆడొద్దులే అన్న మనిషే ఆగలేక తెచ్చింది. గుమ్మంలో చెల్లెల్ని చూసి, "ఏంటే, చీర నచ్చలేదా?" అంది. ఆ తర్వాత దగ్గరికొచ్చి చూసింది. సంగతి తెలిశాక చీరల సంచీ పక్కన పడేసి, గోడకి జారగిలపడి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

"నవ్వుతావేంటే అక్కా! నా బతుకు బజారున పడితే!"

"నీ బతుకు కాదే, నీ కనుబొమ్మ! ఒక్కటే బజారున పడింది, రెండోది ఇంట్లోనే ఉంది!"

నవ్వు ఆగాక చెయ్యి పట్టుకుని లేవదీసింది. మర్నాడు పొద్దున్నే మొదటి రైలుకి తెనాలి లాక్కుపోయి, టీచరు చెప్పిన డాక్టర్ దీవెన ముందు కూర్చోబెట్టింది. డాక్టరమ్మ చిన్నదే, పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. నుదుటి మీద వేలు పెట్టి, "కళ్లు పైకెత్తండమ్మా. ఇప్పుడు చిట్లించండి" అని చూసింది.

"ఎవరు వేశారమ్మా?"

"పార్లరమ్మాయండి. తెల్లకోటు వేసుకుంది."

"డాక్టరేనా?"

"అడగలేదండి."

"ఏ కంపెనీ మందు? సీసా చూపించారా? మీ ముందే కలిపారా?"

"అప్పటికే నింపి ఉందండి. ధర మాత్రం నేనే అడిగానండి" అంది మస్తానమ్మ చిన్నగా. పున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మకీ నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "మీ అదృష్టం, కనురెప్ప వాలలేదు. మధ్యలో, కాస్త ఎడమకే పొడిచి కుడి పక్కన వదిలేశారు, అందుకని పక్క కండరం ఒక్కటే బొమ్మని పైకి లాగుతోంది. కొన్నాళ్లకి దానంతటదే దిగుతుందమ్మా, భయం లేదు."

"మీరు ఎనిమిది వేలంటారు, రేపల్లెలో ఐదంటారు, వాళ్లు మూడున్నరంటారు. సూది అదే కదండీ! మాలాంటోళ్లు ఎట్టా తెలుసుకునేది?"

"మీరేం చేస్తారమ్మా?"

"చేపలమ్ముతానండి."

"అయితే మీకు తేలిక. ఈ మందు సీసా అడుగున పొడిలా వస్తుంది. దాంట్లో మేము ఉప్పునీళ్లు పోసి కలుపుతాం. ఎక్కువ పోస్తే పలచన, తక్కువ పోస్తే చిక్కన. సిరంజిలో మాత్రం రెండూ నీళ్లలాగే కనపడతాయి. యూనిట్ అంటే మందు లెక్క, నీళ్ల లెక్క కాదు. అందుకే నేను యూనిట్ చొప్పున చెబుతా."

"రొయ్యలకి నీళ్లు పట్టించి కాటా వేసినట్టు!" అంది మస్తానమ్మ, లేచి ఉన్న ఒక్క బొమ్మా ఇంకాస్త లేచింది.

"అంతే. అయితే రేపల్లె డాక్టరుగారు భాగానికి ఇంత అన్నారంటే అది మోసం కాదు. ఒకరి నుదుటికి తక్కువ మందు పడుతుంది, మీలాంటి గట్టి కండకి ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువ తక్కువలు ఆయనే భరిస్తారు. మళ్లీ చూస్తానన్నారు చూడండి, ఆ చూపు ఖర్చు కూడా దాంట్లోనే ఉంది. మందు కంపెనీని బట్టి కొంత తేడా. వేసే చేతిని బట్టి కొంత. హైదరాబాద్ పోతే అద్దె, ఏసీ, పేరు, అన్నీ మీ నుదుటి మీదే పడతాయి. కాబట్టి ఎక్కువంటే మంచిదనీ కాదు, తక్కువంటే చెడ్డదనీ కాదు. ఏం మందు, ఎన్ని యూనిట్లు, ఎవరు వేస్తారు, ఎప్పుడు కలిపారు, ఇవి అడగాలి."

"ఎప్పుడు కలిపారంటే?"

"ఒకసారి కలిపాక ఎక్కువ నిలవ ఉండదమ్మా. ఫ్రిజ్‌లో పెట్టి వెంటనే వాడెయ్యాలి. అందుకే మేము నలుగురైదుగురిని ఒకే రోజు రమ్మంటాం, సీసా పంచుకున్నట్టు ఉంటుంది, ధర కూడా కాస్త తగ్గుతుంది. మీరు వెళ్లింది ఏ వేళకి?"

మస్తానమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. మూడో రోజు. దీపాల వేళ. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచించుకున్న ఆ అమ్మాయి. సందెవేళ చేప ఎందుకు చౌకో ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు! ఐసు కరిగిపోయి, మర్నాటికి పనికిరాదని కదూ తనే తగ్గించి తోసేసేది! అమ్మేటప్పుడున్న తెలివి కొనేటప్పుడు ఏ గట్టున పెట్టిందో!

"సందేళ పోయానండి" అంది. "నిలవ సరుకు నా నెత్తినే పోశారు!"

అంతే, పున్నమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. డాక్టరమ్మ కూడా తల పక్కకి తిప్పి నవ్వేసింది. చివరికి మస్తానమ్మ కూడా నవ్వింది, ఒక బొమ్మతో.

"ఇప్పుడు సరిచెయ్యలేరాండి? రేపే ఎదుర్కోలు" అంది పున్నమ్మ.

"వాళ్లేం వేశారో తెలియకుండా దాని మీద నేను వెయ్యనమ్మా. వేసినా పని చెయ్యడానికి రోజులు పడుతుంది. ఓ పది రోజులాగి రండి, చూద్దాం."

బయట మెట్ల మీద మస్తానమ్మ కూలబడింది. "ఆడొద్దులే అక్కా. ఆ పిల్ల ఈసారి మీ నాయనమ్మా అంటది."

పున్నమ్మ ఆమె ముందు గొంతుక్కూర్చుని, చెల్లెలి మొహాన్ని భోషాణం తాళం పరీక్షించినట్టు పరీక్షించింది. "నువ్వు నాలా అవ్వాలని ఇన్ని పొడుచుకున్నావు. నేనే నీలా అయితేనో?" అంది. కళ్లు సగం మూసి చిట్లించింది, మూతి బిగించింది, కుడి బొమ్మ పైకెత్తడానికి కిందా మీదా పడింది. రెండూ కలిసి లేచాయి. "ఇది ఒకటే ఎట్టా లేపుతున్నావే?" అంది.

"రెండున్నర వేలు కడితే లేచిద్ది" అంది మస్తానమ్మ.

మరునాడు తెనాలి నుంచి రేపల్లె దాకా పెళ్లి బస్సులో పున్నమ్మ చేసింది ఆ ఒక్క పనే. చేతిలో చిన్న అద్దం, ఎదురుగా చెల్లెలు. పెళ్లికొడుకు ప్రణీత్ తల పట్టుకున్నాడు. "అమ్మా, అందరూ చూస్తున్నారే!" "నువ్వు నోర్మూసుకుని నీ బాసికం సంగతి చూసుకోరా." చేబ్రోలు నుంచి వచ్చిన మేనత్త ఒకావిడ వేలితో బొమ్మ పట్టుకుని నేర్పింది. బస్సు రేపల్లె పొలిమేరలోకి వచ్చేసరికి కుడి బొమ్మ ఒక్కటీ లేచింది! బస్సంతా చప్పట్లు, ఈలలు.

విడిదింటి ముందు బస్సు ఆగింది. అక్కాచెల్లెళ్లు బస్సులోనే మొహాలకి పసుపు దట్టించారు, రూపాయంత బొట్లు పెట్టారు, చిలకపచ్చ చీరల కొంగులు నిండా కప్పుకున్నారు. సన్నాయి, డోలు, ఆడపెళ్లివారి పానకం బిందెలు ఎదురొచ్చాయి. రంగు దీపాల వెలుగులో ఇద్దరూ దిగి పక్కపక్కన నిలబడ్డారు. చిట్లించిన కళ్లు, బిగించిన మూతులు, కుడి బొమ్మలు పైకి.

"ఏదీ, మా పున్నమ్మ ఎవరో పట్టుకోండి చూద్దాం!" అని ముత్యాలరావు కేక పెట్టాడు. "తప్పితే పెట్టెలు మొయ్యాలి! పెద్దవి తెచ్చాం!"

సన్నాయి ఆగింది. గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? ఆ మెరుపుతీగే! పిల్ల ఒకసారి ఈ మొహం చూసింది, ఒకసారి ఆ మొహం చూసింది. నిశ్చితార్థంలో చూసిన నున్నటి మొహం ఎక్కడా కనపడలేదు. గ్లాసు పున్నమ్మ వైపు జరిగింది. ఆగింది. మస్తానమ్మ వైపు జరిగింది. మళ్లీ ఆగింది.

"చేతులు చూడవే!" అని వెనక నుంచి ఎవరో ముసలావిడ అరిచింది. "ఒకావిడ చేపలు కోస్తదంట!"

మస్తానమ్మ చేతులు చటుక్కున కొంగు కిందికి పోయాయి. అది చూసి పున్నమ్మ చేతులు కూడా కొంగు కిందికి పోయాయి. జనం గొల్లుమన్నారు. పిల్ల ఇంకా దగ్గరికొచ్చి, తలెత్తి, పున్నమ్మ కళ్లల్లోకి చూసింది. పున్నమ్మ బొమ్మ వణికింది. మూతి వణికింది. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, 'ప్ఫ్' మంది, బొమ్మ ఢామ్మని కింద పడింది.

మస్తానమ్మకి కూడా నవ్వొచ్చింది. ప్రాణం పోయేంత నవ్వొచ్చింది. కానీ మూతి బిగపట్టింది. బొమ్మ సంగతి తను చూసుకోనక్కర్లేదు, అది దిగమన్నా దిగదు. నిటారుగా, కళ్లు చిట్లించి, 'ఈ పెళ్లిలో ఏ లోటు జరిగినా ఊరుకుంటాననుకున్నారా' అన్నట్టు నిలబడింది.

పిల్ల మొహం వెలిగింది. గబగబా రెండడుగులు వేసి గ్లాసు రెండు చేతులా పట్టుకుని మస్తానమ్మ ముందు వంగింది. "నవ్వేవాళ్లు పిన్నిగారు. ఇట్లా చూసేది అత్తగారు కాక ఇంకెవరు! తీసుకోండి అత్తయ్యగారూ."

మస్తానమ్మ కొంగు కింద నుంచి చేతులు తీసింది. గోరింటాకు మీదుగా కత్తిపీట గాట్లు దీపాల వెలుగులో తెల్లగా కనపడ్డాయి. గ్లాసు అందుకుంది. మిరియాల ఘాటు, యాలకుల వాసన. గటగటా సగం తాగి, మూతి తుడుచుకుని అడిగింది.

"చక్కెర సరిపోయింది తల్లీ. మీ అత్తగారి తల్లిని నేను, అప్పుడే మర్చిపోయావా?"

పిల్ల కెవ్వుమంది. డోలువాడు ఎవరూ చెప్పకుండానే వాయించేశాడు. పున్నమ్మ నడి వీధిలో చెల్లెల్ని కావలించుకుని ఊపేస్తుంటే, మిగిలిన సగం పానకం ఇద్దరి చీరల మీదా ఒలికింది. ముత్యాలరావు బస్సు పైకెక్కి పెట్టెలు ఒక్కొక్కటే కిందికి అందిస్తూ, "బరువైనవి ముందు! బరువైనవి ముందు!" అని అరుస్తున్నాడు.